ఎనిమిదో బోరు పాటలో ఆగే చోటు

'త్రీ ఫేజ్' బ్యాండు మొట్టమొదటి ప్రోగ్రాము హిందూపురంలో, వినాయకుని మండపం ముందు, ఇరవై రెండు నిమిషాల్లో అయిపోయింది. పదకొండు పాటలు పాడేశారు, చెమటలు తుడుచుకున్నారు, జనానికి దండం కూడా పెట్టారు. అప్పుడు కమిటీ పెద్ద గంగాధర్ మెట్లెక్కి వచ్చి, "చెకింగ్ బాగుండాదప్పా, ఇంక మొదలుపెట్టండి, జనం కూర్చోనుండారు" అన్నాడు.

తప్పు ఆయనది కాదు. ఆ వైపు ఆర్కెస్ట్రా అంటే మైకు ముందు అరగంట హలో హలో అని, ఆ తర్వాత సినిమా పాట ఒకటి అందుకుని ఏడు నిమిషాలు సాగదీయడం. వీళ్లదేమో పాప్ పంక్. పాట రెండు నిమిషాలు దాటితే వీళ్లలో పాడే గిరికి కాలు నిలవదు. గిటారు గరగరమంటూ పరుగెడుతుంది, గొంతు అందరి మీదా కోప్పడుతుంది, అయినా వినేవాడికి గంతులు వేయాలనిపిస్తుంది. అనిపించాలి మరి. ఆ రోజు హిందూపురంలో ఎవరికీ అనిపించలేదు, అది వేరే సంగతి.

ముగ్గురివీ మూడు ఊళ్లు. గిరిది హిందూపురం. సెల్‌ఫోన్లు రిపేరు చేస్తాడు, గిటారు వాయిస్తూ పాడేది అతనే. బేస్ గిటారు వాయించే మారుతికి పెనుకొండలో జిరాక్స్ షాపు ఉంది. డ్రమ్స్ స్వప్నవి. ఆమె ధర్మవరంలో ఒక ల్యాబులో రక్తపరీక్షలు చేస్తుంది. ఏడేళ్ల వయసు నుంచి చర్చిలో వాయించిన చెయ్యి. చర్చికి కొత్త డ్రమ్స్ వచ్చినప్పుడు పాస్టరుగారు పాత సెట్టు ఆమెకిచ్చేశారు. అది ఇప్పుడు పెనుకొండలో, మారుతి వాళ్ల మామ గోడౌన్లో, వేరుశెనక్కాయల మూటల మధ్య ఉంది. ఆదివారం ఆరాధన కాగానే స్వప్న ఇటునుంచి రైలెక్కుతుంది, గిరి అటునుంచి ఎక్కుతాడు. సాయంత్రం దాకా గోడౌన్లో దుమ్ము లేస్తుంది.

పదకొండు పాటల్లో మూడోదాని పేరు 'ఎనిమిదో బోరు'. మాటలు గిరివి, బాధ స్వప్న ఇంటిది. ఆమె నాయన ప్రేమ్ కుమార్ తన రెండెకరాల్లో ఎనిమిది బోర్లు వేయించాడు. ఎనిమిదోది వేసినప్పుడు స్వప్నకు పదేళ్లు. రిగ్గు లారీ పొద్దుననుంచీ చెవులు చిల్లులు పడేట్టు కొట్టి, కొట్టి, ఒక్కసారిగా ఆగింది. చుట్టూ మూగినవాళ్లు గుంత వైపే చూస్తున్నారు. ఎవరూ మాట్లాడలేదు, ఎవరూ దగ్గలేదు. స్వప్న ఊపిరి బిగబట్టింది. తర్వాత మళ్లీ గాలి కొట్టారు. తెల్లటి దుమ్ము తప్ప ఏమీ రాలేదు.

పాటలోనూ అంతే. సరిగ్గా నడిమధ్య అన్నీ ఆగిపోతాయి. మళ్లీ ఎప్పుడు మొదలవ్వాలో స్వప్న ఇష్టం. ఆమె కర్ర పడగానే మిగతా ఇద్దరూ దూకాలి. ఒకరోజు మూడు సెకన్లు, ఒకరోజు ఎనిమిది. "లెక్క చెప్పు తల్లీ, నీకు పుణ్యముంటాది" అని మారుతి ఎన్నిసార్లు బతిమాలాడో. ఆమె చెప్పలేదు. చెప్పడానికి లెక్కంటూ ఒకటి ఉంటే కదా. పదేళ్ల పిల్లలాగే ఊపిరి బిగబట్టి కూర్చుంటుంది, ఇక వల్ల కాదనిపించగానే కొడుతుంది. ఆ మాట బయటపెడితే ఆ చోటు చెడిపోతుందేమోనని ఆమె భయం.

మొదటి ప్రోగ్రాములో ఆ ఆగే చోటు వచ్చినప్పుడు, స్టేజీ పక్కన ఖాకీ చొక్కా వేసుకున్న పెద్దాయన ఒకరు బీడీ పారేసి పరుగందుకున్నాడు. కరెంటు పోయిందనుకున్నాడు పాపం. ఆ ఊళ్లలో పాట మధ్యలో ఆగిందంటే ఇంకేం అనుకుంటారు? ఆయన జనరేటరు తాడు లాగడం, ఇక్కడ స్వప్న కర్ర పడడం ఒకేసారి జరిగాయి. మిగతా పాటంతా డుగుడుగుడుగులో కలిసిపోయింది. ఆయన పేరు నరసప్ప. స్టేజీ మీది స్పీకరు పెట్టెలు, మైకులు, జనరేటరు, అన్నీ ఆయనవే. ఆ మూడు ఊళ్లలో పెళ్లికైనా, మీటింగుకైనా నరసప్ప మైకు సెట్టే రావాలి.

తర్వాత మూడేళ్లలో త్రీ ఫేజ్ పద్నాలుగు ప్రోగ్రాములు చేసింది. పెనుకొండ కోట కింద యువజనోత్సవంలో వాళ్ల తర్వాత రావాల్సిన కోలాటం వాళ్లు తొందరపడి మధ్యలోనే ఎక్కేశారు. ధర్మవరంలో ఒక పెళ్లి రిసెప్షన్లో రెండు పాటలు కాగానే పెళ్లికొడుకు మేనత్త వచ్చి, ముగ్గురి చేతుల్లో తాంబూలం పెట్టి, ఎంతో మర్యాదగా దింపేసింది. పుస్తకాల ప్రదర్శన దగ్గర మాత్రం ముగ్గురు పిల్లలు నిజంగానే గంతులేశారు. వాళ్లమ్మలు వచ్చి తీసుకుపోయారు.

ఈ పద్నాలుగింటిలోనూ స్వప్నకు ఒక ముఖం కనబడుతూనే ఉంది. నరసప్ప. సామాను దించేది, తీగలు లాగేది పనివాళ్లే. ఈయన మాత్రం వీళ్ల వంతు వచ్చేసరికి మోపెడ్ మీద దిగుతాడు. ఒక పక్కన నిలబడతాడు. తల ఊపడు, నవ్వడు, నుదురు ముడేసి వింటాడు. ఆఖరి పాట కాకముందే వెళ్లిపోతాడు. ఎందుకొస్తాడో స్వప్నకు అంతుపట్టలేదు. రక్తం చుక్కలో ఏముందో చూడందే నిద్రపట్టని మనిషి ఆమె. ఈ ముసలాయన్ని మాత్రం ఏ అద్దం కింద పెట్టి చూడాలో తెలియలేదు. లోపల్లోపల ఒక చిన్న ఆశ కూడా ఉంది: మా పాట కోసమే వస్తాడేమో.

ఒకరోజు గోడౌన్లో గిరిని అడిగేసింది. గిరి తీగ బిగిస్తూ, తలెత్తకుండా, "ఆ పెట్టెలు ఆయనవి గదా. యాడ పగలగొడతామో అని కాపలా" అన్నాడు.

అంత సులువైన జవాబు తనకెందుకు తట్టలేదో స్వప్నకు తెలియలేదు. ఆమెకు నిజంగా బాధేసింది. రైల్లో కిటికీ పక్క సీటు దొరికినా బయటికి చూడలేదు.

ఆ వారమే ల్యాబు యజమాని ఆమెను పిలిచి, బెంగళూరు బ్రాంచికి పంపుతానన్నాడు. పెద్ద మిషన్లు, పెద్ద పని. సోమవారానికల్లా అవునో కాదో చెప్పాలి. వెళితే ఆదివారాలు ఉండవు. ఆమె లేకపోతే బ్యాండూ ఉండదు, ఎందుకంటే ఆ మూడు ఊళ్లలో డ్రమ్స్ వాయించేవాళ్లు ఎవరున్నా చర్చిలోనో ఆర్కెస్ట్రాలోనో ఉంటారు, వాళ్లెవరూ ఇంత వేగంగా వాయించరు, వాయించాలని కూడా అనుకోరు.

"శనివారం ధర్మవరంలో చేసేదే ఆఖరుది" అని స్వప్న మిగతా ఇద్దరికీ చెప్పింది. "మూడేండ్లయింది. మన పాట కోసమే వచ్చినోళ్లు ఒక్కరుండారా? ఒక్కరిని చూపించండి, నేను బెంగళూరు పోను."

మారుతి వేళ్ల మీద లెక్కపెట్టి, "మా అమ్మ వచ్చింది గదా" అన్నాడు.

"అమ్మలు లెక్కలోకి రారు."

శనివారం సాయంత్రం ఐదింటికి ధర్మవరంలో, నేతపనివాళ్ల కల్యాణమండపంలో ప్రోగ్రాము. నేతపని చేసే కుర్రవాళ్ల సంఘం వార్షికోత్సవం అది. సంఘం వాళ్లు హుషారుగా అనంతపురం నుంచి కొత్త రకం సౌండు సెట్టు తెప్పించారు, స్టేజీకి అటూ ఇటూ గుత్తులుగా వేలాడే నల్ల పెట్టెలు. వాటిని చూడగానే స్వప్నకు నవ్వొచ్చింది, ఆ వెనకే దిగులొచ్చింది. ఈరోజు కాపలా ఉండదన్నమాట. అయినా కూర్చోగానే ఆమె కళ్లు హాలంతా వెతికాయి. కుర్చీల్లో కుర్రవాళ్లు ఫోన్లు చూసుకుంటున్నారు. ఖాకీ చొక్కా ఎక్కడా లేదు.

మొదటి పాట అయింది. రెండోదీ అయింది. ఎవరో రెండు చప్పట్లు కొట్టి, తాను ఒంటరినని తెలిసి ఆపేశారు. మూడోది ఎనిమిదో బోరు. గిరి గిటారు రిగ్గులా గొణుగుతూ లేచింది, మారుతి దాన్ని కిందకి కిందకి తోశాడు, స్వప్న కొట్టింది, ఇదే ఆఖరుసారి అనుకుని కసికొద్దీ కొట్టింది. అన్నీ ఆగాయి.

ఆమె ఊపిరి బిగబట్టింది. హాల్లో ఫ్యాన్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. అప్పుడు కనబడ్డాడు నరసప్ప. చెప్పులు విడిచేచోట, స్తంభం పక్కన, కుడిచెయ్యి గాల్లోకి ఎత్తి నిలబడి ఉన్నాడు. అక్కడ లేని మీటనేదో పట్టుకున్నట్టు వేళ్లు ముడుచుకున్నాయి. కళ్లు ఆమె కర్రల మీదే ఉన్నాయి. ఒక్కసారి చెయ్యి కిందికి తిప్పాడు.

స్వప్న కొట్టలేదు. ఇంకా ఊపిరుంది. మరో రెండు క్షణాలు నిలిచి, ఇక వల్ల కానప్పుడు కొట్టింది. గిరి, మారుతి దూకారు. స్తంభం పక్కన నరసప్ప తల అడ్డంగా ఊపి, పేకాటలో ఓడినవాడిలా చెయ్యి విదిలించాడు.

పదకొండో పాట అయ్యేలోపే ఆయన చెప్పులు వెతుక్కుంటున్నాడు. పాట కాగానే స్వప్న కర్రలు చేతిలోనే పట్టుకుని స్టేజీ దిగి పరుగెత్తింది. గిరి, మారుతి ఏమైందోనని వెంటబడ్డారు. చుట్టూ ఉన్నవాళ్లు దారిచ్చారు, డ్రమ్స్ వాయించే పిల్లకు ఏదో పోయిందనుకుని.

"తాతా, ఈ పెట్టెలు నీవి కాదు గదా" అంది రొప్పుతూ.

"కాదు పాపా. నావి ఇంట్లో ఉండాయి."

"మరి ఎందుకొచ్చినావు?"

నరసప్ప చెప్పు తొడుక్కోవడం ఆపాడు. "నలభై ఏండ్ల నుంచి మైకు సెట్టు నడుపుతాండా. ఏ పాటైనా ఒక తూరి వింటే చాలు, యాడ ఆగుతాదో యాడ లేస్తాదో నా చెయ్యికే తెలుస్తాది. అట్లాంటిది ఆ పొద్దు హిందూపురంలో కరెంటు పోయిందనుకొని పరిగెత్తితి. మా పనోళ్లు ఇప్పటికీ నవ్వుతాండారు."

"అందుకని?"

"ఎట్లయినా పట్టుకుందామని వస్తాండా. ఈ పొద్దు గూడా తప్పితి." ఆయన గొంతు తగ్గించాడు. "మాకూ మడకశిర కాడ చేనుండాది పాపా. మూడు బోర్లు పోయినాయి. నువ్వు ఆపినప్పుడల్లా గుంత కాడ నిలబడినట్టే ఉంటాది నాకు. ఈ తూరన్నా నీళ్లొస్తాయేమో అనిపిస్తాది. ఎంత లెక్కబెడతావు, చెప్పమ్మా."

స్వప్న తన నాయనకు కూడా చెప్పని చోటును ఈ మనిషి మూడేళ్లుగా వచ్చి నిలబడి చూశాడు. చెప్పేయాలనిపించింది. నోరు కూడా తెరిచింది.

"చెప్పను తాతా" అంది చివరికి. "చెప్తే మళ్లీ రావు."

నరసప్ప ముఖంలో మొదటిసారి నవ్వు కనబడింది. "అట్లయితే తర్వాతది యాడ పెట్టుకున్నారు?"

గిరి స్వప్న వైపు చూశాడు. మారుతి పైకప్పు ఫ్యాను వైపు చూశాడు. తర్వాతది లేదన్న సంగతి ముగ్గురికీ తెలుసు.

"బుక్కపట్నంలో" అంది స్వప్న. "వచ్చే నెల."

నరసప్ప సరేనని తల ఊపి, మోపెడ్ స్టార్టు చేసుకుని వెళ్లిపోయాడు. బుక్కపట్నంలో వీళ్ల ముగ్గురికీ తెలిసినవాళ్లు ఒక్కరూ లేరు. ఆ సాయంత్రమే గిరి ఫోన్లో నంబర్లు వెతకడం మొదలుపెట్టాడు.