గడపకు ఇటూ అటూ

నేను ఒక గడపను. కాకతీయుల కాలంలో, ఓ కుగ్రామపు శివాలయం కోసం నన్ను నల్లరాతిలో చెక్కారు. గొయ్యి తవ్వి, ఇసుక దట్టించి, ఆ ఇసుక మీద గుడి నిలబెట్టారు. గర్భగుడికి కిటికీ పెట్టలేదు. దేవుడు చీకట్లో ఉంటేనే మనుషులు భయపడతారని వాళ్లకు తెలుసు. నన్ను చెక్కిన చేతులను ప్రతిష్ఠ మర్నాటి నుంచి లోపలికి రానివ్వలేదు. నా పనేమిటో అప్పుడే అర్థమైంది.

తొక్కకుండా దాటేవాళ్లు, దాటకుండా మొక్కేవాళ్లు. నేనెరిగిన మనుషులు ఈ రెండు రకాలే.

వందల ఏళ్ల తర్వాత వచ్చిన కొమురవ్వ రెండో రకం. ఆమె ఉండే ఊరి చివరి వాడవాళ్లు నా దగ్గరే ఆగాలని కట్టుబాటు. ఏళ్ల తరబడి నా అంచుకు నుదురు ఆనించి లోపలికి చూసేది. దీపం తప్ప ఏమీ కనిపించేది కాదు. ముసలితనంలో ఆ దీపమూ మసకబారింది. చూపు పూర్తిగా పోకముందే ఒక్కసారి శివుణ్ణి దగ్గర నుంచి చూడాలనుకుంది.

“అయ్యగారూ, కండ్లు పోతున్నయి. ఒక్కపారి లోపటికి రానియ్యుండ్రి.”

“నీకు కనవడకుంటేంది అవ్వా? ఆయనకు మూడు కండ్లున్నయి, నిన్ను సూడడా?” అన్నాడు పూజారి.

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నవ్వకపోతే తప్పేమోనన్నట్టు ఆమె కూడా నవ్వింది.

ఆ ఏడే గుడిపెద్ద రాఘవులు పటేల్ జీర్ణోద్ధరణ తలపెట్టాడు. పనికి ముందు పూజారి మంత్రాలు చదివి దేవుణ్ణి లింగంలోంచి కలశంలోకి దించి, పక్క పందిట్లో ఉంచాడు. ఇక గుడి వట్టి రాళ్లే, ఎవరు తొక్కినా మైల లేదు. నన్ను గడ్డపారలతో పెకలించారు. నా కింది ఇసుక గర్భగుడి నిండా పరుచుకుంది. అది మోయడానికి వాడ నుంచి కూలీలను పిలిస్తే, కొమురవ్వ కూడా గంప పట్టుకుని వచ్చింది.

లోపలికి వెళ్లి గంప దించింది. లింగానికి ముఖం తగిలేంతగా వంగి, రెండు చేతులా తడిమింది.

“అవ్వా, గది ఇప్పుడు ఉత్త రాయే!” బయటి నుంచి పటేల్ అరిచాడు. “దేవుడు పందిట్ల ఉన్నడు. గా రాయిని ఎంతసేపన్న సూస్కో!”

ఆమె చేతులు అక్కడే ఆగిపోయాయి.

“మల్ల ఎప్పుడొస్తడు పటేలా?”

“కొత్త గడప వెట్టినంక.”

దేవుడు తిరిగొచ్చేసరికి ఆమె చూపు పోయింది. మెరిసే కొత్త గడపకు ఇవతలే నిలబడి మొక్కి వచ్చింది.

రాళ్లకుప్పలో పడి ఉన్న నన్ను ఆమె కోడలు లింగవ్వ బట్టలుతకడానికి వాకిట్లోకి తెప్పించుకుంది. మొదటిరోజే కొమురవ్వ కాలు నాకు తగిలింది. వంగి తడిమింది. నుదుళ్లు ఆని ఆని నున్నబడిన చోటు వేళ్లకు దొరికింది. చప్పున కాలు వెనక్కి తీసుకుని చేతులు జోడించింది.

“దాటు అత్తా! ఈడ నిన్ను ఆపేటోడెవడు?” లింగవ్వ నవ్వింది.

నాకు ఇటూ ఆమె వాకిలే, అటూ ఆమె వాకిలే. లోపలి నుంచి ఎవరో పిలుస్తారన్నట్టు కొమురవ్వ కాసేపు నిలబడింది. తర్వాత గోడ పట్టుకుని, నన్ను చుట్టి ఇంట్లోకి పోయింది.

రోజూ అంతే. గుడి పోయింది గానీ, నా ఉద్యోగం పోలేదు.