సీమోను గొంతు

విక్టోరియా ఆ గొంతును మొదటిసారి విన్నది దెందులూరు చర్చిలో. మనిషి కనపడలేదు, స్తంభం అడ్డం వచ్చింది. పాఠం చదువుతున్నది కొల్లేటి లంక నుంచి వచ్చిన కుర్రాడని, పేరు సీమోను అని పక్కావిడ చెప్పింది. మైకు లేకపోయినా ఆ చదువు బయట చెప్పులు విడిచిన చోటుదాకా వినిపించింది. తర్వాత పెళ్లిచూపులకు వచ్చిన మనిషి పొట్టిగా, రివటలా ఉన్నాడు. ఇంత మనిషిలో అంత గొంతు ఎక్కడ పట్టిందా అని ఆమెకు నవ్వాగలేదు.

సీమోను తాడేపల్లిగూడెం మార్కెట్ యార్డులో గుమస్తా. ఆమె ఏలూరులో టీచరు. అతను రోజూ పాసింజరు బండిలో వెళ్లి వచ్చేవాడు. గూడెంలో నరసింహమూర్తి అనే స్నేహితుడు పరిషత్తు పోటీలకు నాటకాలు రాసేవాడు. వాటిలో తండ్రి వేషాలు, ముసలి వేషాలు సీమోనువే. తలలో ఒక్క తెల్లవెంట్రుక లేని రోజుల్లోనే ముసలివాడిగా పేరు తెచ్చుకున్నాడు. ఉత్తమ క్యారెక్టర్ నటుడని ఇచ్చిన షీల్డులు బీరువా మీద పట్టక మంచం కిందికి చేరాయి.

సినిమాల కోసం సెలవు పెట్టి హైదరాబాదు రైలెక్కేవాడు. జడ్జీ, డాక్టరు, చావు కబురు తెచ్చే మనిషి. ఒక్కో సినిమాలో రెండు మాటలుంటే గొప్ప. ఆ రెండు మాటలనే వారంపాటు ఇల్లంతా తిరుగుతూ చెప్పుకొనేవాడు. తీరా సినిమా వచ్చాక, తల తిప్పి చూసేలోగా వెళ్లిపోయారండీ అని స్కూల్లో తోటి టీచర్లు నవ్వేవారు. విక్టోరియా కూడా నవ్వేది, కానీ ఇంటికొచ్చి ఆ మాట చెప్పేది కాదు.

రెండు వేల నాలుగు చలికాలంలో శశాంక్ అనే కుర్ర దర్శకుడు ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. గూడెం పరిషత్తులో సీమోను నాటకం చూశాట్ట. తన మొదటి సినిమాలో హీరో తండ్రి వేషం ఆయనే వెయ్యాలన్నాడు. కొల్లేట్లో వల వేసుకు బతికే మనిషి. పెద్దవాళ్లు చేపల చెరువులకు గట్లు పోసి అతని నీళ్లు లాక్కుంటే, చివర్లో గట్టు మీద ఒక్కడే నిలబడి ఊరందర్నీ నిలదీస్తాడు. ఆ సీనంతా అతనొక్కడిదే. శశాంక్ వెళ్లాక సీమోను పెరట్లోకి వెళ్లి చాలాసేపు రాలేదు. విక్టోరియా వెళ్లి చూస్తే బావి గట్టు మీద కూర్చుని ఏడుస్తున్నాడు.

షూటింగంతా మొలలోతు నీళ్లలో. గొంతు బొంగురుపోతే జలుబనుకున్నారు. మిరియాల కషాయాలు తాగించారు. షూటింగు అయిపోయింది, బొంగురు పోలేదు. విజయవాడలో ముక్క తీసి పరీక్ష చేసి, స్వరపేటిక మీద కేన్సర్ అన్నారు. ఇంకా మొదట్లోనే ఉందని, వెంటనే రేడియేషన్ కరెంటు పెట్టించుకుంటే ప్రాణమూ నిలుస్తుంది, మాటా మిగలవచ్చని డాక్టరు చెప్పాడు. కాకపోతే కొన్ని నెలలు గొంతు సరిగా పలకదు.

నెలలో డబ్బింగు పెడతామన్నారని, అది అయ్యాక చేయించుకుంటానని సీమోను ఇంటికొచ్చి తేల్చేశాడు.

"ఏవండీ, గొంతు ముఖ్యమా, మనిషి ముఖ్యమా?" అంది విక్టోరియా.

"అవి రెండూ వేరువేరని నీకెవరు చెప్పారు?" అన్నాడు సీమోను.

శశాంక్‌కు ఫోన్ చేస్తానని ఆమె లేస్తే చెయ్యి పట్టుకున్నాడు. ఆ అబ్బాయికి తెలిస్తే ఈ పూటే వేరేవాడితో చెప్పిస్తాడని, జీవితంలో ఈ ఒక్కటీ తననే చెప్పుకోనివ్వమని బతిమాలాడు. ఆమె ఫోన్ చెయ్యలేదు.

నెలన్న డబ్బింగు నిర్మాత ఇబ్బందుల వల్ల వాయిదాల మీద వాయిదాలు పడింది. ఎండాకాలం పోయింది. వానలు పడ్డాక కబురొచ్చింది. విక్టోరియా కూడా హైదరాబాదు స్టూడియోకు వెళ్లి అద్దం ఇవతల కూర్చుంది. సీమోను వేణ్ణీళ్లు తాగుతూ చెప్పాడు. గట్టు మీద సీను దగ్గర గొంతు చిరిగిపోయింది. బిడ్డను పోగొట్టుకున్నవాడి గొంతులా ఉందది. శశాంక్ లోపలికి వెళ్లి ఆయన చేతులు పట్టుకుని, చాలా బాగుందండీ అన్నాడు. తిరుగు రైల్లో సీమోను పసివాడిలా మాట్లాడుతూనే ఉన్నాడు.

తర్వాత ఆసుపత్రికి వెళ్తే జబ్బు పాకిపోయిందన్నారు. స్వరపేటిక మొత్తం తీసెయ్యాలి, మెడ దగ్గర పెట్టిన రంధ్రంలోంచే ఊపిరి. ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్తుంటే సీమోను అడిగిన ఆఖరి మాట, తన కళ్లజోడు ఎవరి దగ్గరుందని. ఇంటికొచ్చాక విక్టోరియా స్కూలు నుంచి పలక తెచ్చిచ్చింది.

మరుసటి ఏడాది మొదట్లో సినిమా విడుదలైంది. చర్చివాళ్లు, నరసింహమూర్తి, కూతురు నిస్సీ, అందరూ కలిసి ఏలూరులో ఆటకు వెళ్లారు. తెర మీద సీమోను నోరు తెరిచాడు. వేరే గొంతు వచ్చింది. నిండుగా, నునుపుగా ఉన్న గొంతు. హాల్లో సౌండు పాడైందేమో అనుకుంది విక్టోరియా. రెండో మాటకు అర్థమైంది. పక్కకు తిరిగి చూస్తే సీమోను కదలడం లేదు. మెడకు చుట్టుకున్న గుడ్డ మీద చెయ్యి పెట్టుకుని తెరకేసి చూస్తున్నాడు. గట్టు మీద సీనుకు జనం ఏడ్చారు. బయటికొస్తుంటే ముక్కూమొహం తెలియనివాళ్లు వచ్చి, ఏం గొంతండీ మీది అన్నారు. అన్నవాళ్లందరికీ సీమోను దణ్ణం పెట్టాడు.

కొద్దిరోజులకు శశాంక్ పళ్లు పట్టుకుని వచ్చాడు. ఆ బొంగురుకు మాటలు అర్థం కావని నిర్మాత పట్టుబట్టాడని, ముందే చెప్పడానికి తనకు మొహం చెల్లలేదని అన్నాడు. అప్పుడు చూశాడు మెడ గుడ్డను. ఏమైందండీ అని అడిగాడు. చెప్పొద్దని సీమోను పలక మీద కొడుతూనే ఉన్నాడు. విక్టోరియా అంతా చెప్పింది.

"మీ డబ్బింగు కోసం ఆగారండీ. ఆగకపోతే మాట మిగిలేదేమో."

శశాంక్ గోడకు జారబడి కింద కూర్చుండిపోయాడు. ఆ రోజు డబ్బింగులో ఆయన చెప్పిన రికార్డింగైనా తెచ్చివ్వమని విక్టోరియా అడిగింది.

"లేదండీ అమ్మా. దాని మీదే కొత్త గొంతు ఎక్కించేశారు."

సీమోను పలక తుడిచి, 'అతను బాగా చెప్పాడు' అని రాసి శశాంక్‌కు చూపించాడు. అది మంచితనమో, ఇంక వినలేకో, విక్టోరియాకు అంతుపట్టలేదు.

ఆ ఏడాది ఏదో సంఘంవాళ్లు ఉత్తమ క్యారెక్టర్ నటుడని షీల్డు పంపారు. నరసింహమూర్తి మూగవాడి వేషంతో నాటకం రాసుకొచ్చాడు. సీమోను చదివి, మడిచి, తిరిగిచ్చేశాడు. మనుషులు రావడం తగ్గింది. రెండు వేల ఎనిమిది వానల్లో, వరండాలో కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు.

నాటకాలను ఎవరూ రికార్డు చేసి ఉంచలేదు. విక్టోరియా గూడెం, ఏలూరు అంతా అడిగి చూసింది.

మరుసటి ఏడు టీవీలో ఆ సినిమా వచ్చింది. నిస్సీ తల్లిని పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది. కాసేపు కళ్లు మూసుకుని వింది.

"నాన్న గొంతు ఇంచుమించు ఇలాగే ఉండేది కదమ్మా?"

విక్టోరియా కాదనబోయింది. ఎలా ఉండేదో తలచుకోబోయింది. పిల్లను కోప్పడ్డప్పుడు, గుమ్మంలో తనను పిలిచినప్పుడు, చర్చిలో చదివినప్పుడు. ఎటు వెతికినా తెర మీది నునుపు గొంతే వచ్చి చెవిలో పలికింది.

ఆమె రిమోట్ తీసుకుని టీవీ నోరు నొక్కేసింది. ఎందుకమ్మా అని నిస్సీ అడిగింది. విక్టోరియా సినిమా అయ్యేదాకా తెర మీద సీమోను పెదవులనే చూస్తూ కూర్చుంది.