మైలుతుత్తం నీళ్లు

మదనపల్లెలో పుంగనూరు రోడ్డు పక్కన, ఊరు అయిపోయి చేన్లు మొదలయ్యే చోట, శాంతకుమారి ఇంటి వెనక ఒక ఈత తొట్టి ఉండేది. ముప్పై అడుగుల పొడవు, పదిహేను అడుగుల వెడల్పు, నిలబడితే రొమ్ముల దాకా నీళ్లు. ఆమె భర్త చిన్నప్ప హైస్కూల్లో డ్రిల్ మాస్టరు. పెరట్లో బావి తవ్వినప్పుడు బయటపడిన రాళ్లు వృథా పోతాయని, రెండు వేసవి సెలవులు ఎండలో మాడి 1972 నాటికి ఆ తొట్టి కట్టాడు. అందులో ఎంతోమంది పిల్లలకి ఈత నేర్పాడు. 1981లో ఆయన గుండెజబ్బుతో పోయాడు.

మరుసటి సంవత్సరం శాంతకుమారి పెద్దాసుపత్రిలో నర్సు ఉద్యోగం నుంచి రిటైరైంది. తొట్టిని పూడ్చి అరటిచెట్లు వేయమని అందరూ సలహా ఇచ్చారు. ఆమె వినలేదు. మోకాళ్ల నొప్పులతో ఆసుపత్రి చుట్టూ తిరిగే ఆడవాళ్లను కొందరిని పిలిచి, మంగళవారం, శనివారం పొద్దున తొట్టిలో దింపి, గోడ పట్టుకుని నడిపించసాగింది. నీళ్లలో ఒంటి బరువు తెలియదు, మోకాలు సులువుగా వంగుతుంది. నాలుగు వారాలకి ఒకరిద్దరు గోడ పట్టుకోకుండా నడిచారు. ఆ మాట పాకి పెద్దమండ్యం, నిమ్మనపల్లె నుంచి కూడా జనం రావడం మొదలైంది.

నీళ్లు చెడిపోకుండా చిన్నప్ప ఒక పద్ధతి పెట్టుకున్నాడు. ప్రతి ఆదివారం సాయంత్రం మైలుతుత్తం గడ్డలు గోనెగుడ్డలో మూటగట్టి, కర్రకు వేలాడదీసి, తొట్టి చుట్టూ నడుస్తూ నీళ్లలో ఈడ్చేవాడు. ఆ నీలం గడ్డలు కరిగిపోయేవి. పాచి పట్టేది కాదు. నీళ్లు అద్దంలా ఉండేవి. ఆయన పోయాక శాంతకుమారి అదే కర్రతో, ఆయన మొదలుపెట్టే మూల నుంచే మొదలుపెట్టి తిరిగేది. ఆ పది నిమిషాలూ ఆయన పక్కన నడుస్తున్నట్టే ఆమెకు అనిపించేది.

అలా వచ్చే ఆడవాళ్లలో మైమూన్ బీ ఒకరు. ఆమెకి అరవై రెండేళ్లు. పుంగనూరు నుంచి మొదటి బస్సుకి వచ్చేది. ఆమె కొడుకు అలావుద్దీన్‌కి పుంగనూరు బజారులో కళాయి అంగడి ఉంది. ఇత్తడి గిన్నెలకి, రాగి డేగిశాలకి కళాయి పూయడంలో ఆ చుట్టుపక్కల అతని చెయ్యి పేరుపడ్డది. 1984 ఏప్రిల్‌లో అతని కూతురు రజియాకి కుప్పంలో సంబంధం కుదిరింది. నిఖా ఇంకా మూడు వారాలు ఉందనగా ఒక మధ్యాహ్నం రజియా నాయనమ్మకి తల దువ్వుతూ దువ్వుతూ ఆగిపోయింది. తరవాత ఆమెను మెల్లగా వాకిట్లో ఎండలోకి తీసుకొచ్చి కూర్చోబెట్టి, తండ్రిని పిలిచింది.

మైమూన్ బీది పాలనురుగులాంటి తెల్ల జుట్టు. అది ఇప్పుడు లేత చిలకపచ్చ రంగులో ఉంది.

అలావుద్దీన్ నవ్వలేదు, కంగారు పడలేదు. అంగడికి వచ్చిన గిన్నెను చూసినట్టే తల్లి జుట్టును వెలుతురుకి తిప్పి చూశాడు. ఒక పాయను చింతపండు రసంలో ముంచి వేళ్ల మధ్య రుద్దాడు. వేళ్లకి కొంచెం పచ్చదనం అంటింది.

"అమ్మీ, ఇది చిలుము," అన్నాడు. "నువ్వు యాడన్నా రాగి కలిసిన నీళ్లలో మునుగుతాండావా?"

మైమూన్ బీ ఆరోజు నుంచి తల మీది కొంగు తియ్యలేదు. కుప్పం పెండ్లివారి ముందు ఏ ముఖం పెట్టుకుని కూర్చునేదని రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు.

శనివారం అలావుద్దీన్ తల్లితో పాటు మదనపల్లెకు వచ్చాడు. వాకిట్లోనే నిలబడి, విషయం మర్యాదగా చెప్పి, తొట్టిలో వేసేదేమిటని అడిగాడు. మైలుతుత్తం అని వినగానే, అందులో ఉండేది రాగేనని అన్నాడు. శాంతకుమారికి మొదట కోపం వచ్చింది. చిన్నప్ప చేసిన పనిలో తప్పు పట్టిన మనిషి అంతదాకా ఎవరూ లేరు.

"మా ఆయన తొమ్మిదేండ్లు వేసినాడప్పా. పిల్లోళ్లు ఎంతమంది ఈడ ఈత నేర్సుకున్నారో లెక్కలేదు. ఒక్కరికీ జుట్టు పచ్చబడలా."

"నల్ల జుట్టులో కనపడదమ్మా," అన్నాడు అలావుద్దీన్. "మా అమ్మది తెల్ల జుట్టు. అందుకే బయటపడింది."

అతను వెళ్లిపోయాక కూడా ఆ మాట ఆమెను వదల్లేదు. బుధవారం మున్సిపాలిటీ నీళ్ల ట్యాంకు దగ్గరికి వెళ్లింది. అక్కడ నీళ్లలో క్లోరిన్ కలిపే గంగులప్ప ఆమెకి పాత పరిచయం. ఒకసారి అతని పెండ్లాం పురిటికి ఈమే దగ్గరుంది. చిన్నప్ప పద్ధతి సరైనదేనని అతని నోట వినిపించుకుందామనే ఆమె వెళ్లింది. గంగులప్ప మొత్తం విని, తల గోక్కుని, మెత్తగానే చెప్పాడు.

"మైలుతుత్తం పాచిని సంపుతాదమ్మా. రోగాన్ని సరిగ్గా సంపదు. ఊరికంతా మేము బ్లీచింగ్ పౌడర్ యాల కలుపుతాండామనుకుంటివి?"

శాంతకుమారి అక్కడే సిమెంటు అరుగు మీద కూర్చుండిపోయింది. పోయిన వానాకాలం తొట్టికి వచ్చే ఇద్దరికి కళ్లు ఎర్రబడ్డాయి. నిమ్మనపల్లె ఆదెమ్మకి చెవిలో చీము కారితే, తానే చుక్కల మందు వేసింది, కాలం మారినప్పుడు మామూలేనని చెప్పింది. ముప్పై మూడేళ్లు సూదులు మరగబెట్టి, చేతులు కడుక్కోమని జనాన్ని గదమాయించిన మనిషికి, తన ఇంటి నీళ్ల సంగతి తోచలేదు. నీళ్లు అద్దంలా ఉన్నాయి కదా అనుకుంది. ఇంకో పక్క చిన్నప్ప కర్ర గుర్తొచ్చింది. ఆయన తనకు తెలిసింది చేశాడు, తనకు అంతకంటే ఎక్కువ తెలిసి ఉండాల్సింది, అనుకుంది. లేచి, బ్లీచింగ్ పౌడర్ ఎలా కలపాలో గంగులప్పను అడిగి తెలుసుకుంది.

అయితే ఒక మాట మాత్రం ఆమె వినలేదు. పాత నీళ్లు పారబోసి కొత్త నీళ్లు పట్టుకోమని గంగులప్ప చెప్పాడు. ఆ ఎండాకాలం బావిలో నీళ్లు అడుగంటి ఉన్నాయి. అన్ని నీళ్లు నేలపాలు చేయడానికి ఆమెకు మనసొప్పలేదు. ఉన్న నీళ్లలోనే వేస్తే ఏమవుతుందిలే అనుకుని, ఆ సాయంత్రం రెండు బక్కెట్ల బ్లీచింగ్ నీళ్లు తొట్టిలో పోసి పడుకుంది.

తెల్లారి చూస్తే తొట్టి నిండా కషాయం. నీళ్లు నలుపు తిరిగాయి. గోడల మీద, మెట్ల మీద మసి పూసినట్టు మరకలు. పన్నెండేళ్లలో ఏ ఒక్కరోజూ ఆ తొట్టి అలా లేదు.

శాంతకుమారి కాసేపు గట్టు మీద నిలబడి చూసింది. తరవాత చీర మార్చుకుని, పుంగనూరు బస్సెక్కి, నేరుగా అలావుద్దీన్ అంగడికి పోయింది. కొలిమి పక్కన స్టూలు వేశాడతను. ఆమె కూర్చుని, నీళ్లు తాగి, చెప్పింది.

"నువ్వు సెప్పింది నిజమప్పా. నేను కోపం చేసుకున్నా. ఇప్పుడు నా తొట్టి నీ అంగట్లో గిన్నెలకంటే అధ్వాన్నంగా ఉండాది. ఏం చెయ్యాలో సెప్పు."

అలావుద్దీన్ కొలిమి మీద బూడిద కప్పేశాడు. అప్పుడే ఆమెతోపాటు బయలుదేరి వచ్చాడు. తొట్టి గట్టు మీద వంగి, గోడను గోటితో గీకి వాసన చూసి, నీళ్లలో ఉన్న రాగి అంతా బ్లీచింగ్ పౌడరుకి విరిగి గోడకి పట్టిందని తేల్చాడు. నీళ్లు మొత్తం తోడాలి, గోడలు తోమాలి, ఆ తరవాతే కొత్త నీళ్లు.

నీళ్లు యాడికి తోడాలన్నది పెద్ద ప్రశ్న. పక్క చేను మునెప్పది. టమాటా కాపు అయిపోయి దుక్కి చేసి పెట్టుకున్నాడు. సంగతి విని, కండువా తీసి మెడ తుడుచుకుంటూ, తాను కూడా మచ్చతెగులుకి మైలుతుత్తం, సున్నం కలిపి కొడుతూనే ఉన్నానని, ఒకసారి పారితే బీడు నేలకి నష్టమేమీ లేదని అన్నాడు. గొర్రెలు మాత్రం ఆ కాలవలో మూతి పెట్టకూడదని అలావుద్దీన్ గట్టిగా చెప్పాడు. గొర్రెలకి రాగి విషమని మునెప్పకీ తెలుసు. నీళ్లు తోడే రెండు రోజులూ మందను అవతలి గుట్టకి తోలించాడు. పోతూ పోతూ ఇంకో మాట అన్నాడు.

"నా బావిలో ఇంకా మూడు మట్ల లోతు నీళ్లుండాయమ్మా. మీ నీళ్లు నా చేనికి వస్తాండాయి, నా నీళ్లు మీ తొట్టికి పోనీ."

శనివారం పొద్దున ఎప్పటిలాగే ఆడవాళ్లు వచ్చారు. తొట్టి ఖాళీగా, నల్లగా ఉంది. చూసి ఎవరి ఇంటికి వాళ్లు పోతారనుకుంది శాంతకుమారి. అలావుద్దీన్ పుంగనూరు నుంచి పాత చింతపండు ఒక గంప, రాళ్లుప్పు, కొబ్బరిపీచు తెచ్చి గట్టు మీద పెట్టి, ఆడవాళ్లకి ఇబ్బంది కాకూడదని తాను రోడ్డు మీదికి వెళ్లి నిలబడ్డాడు. ఆదెమ్మ మొదట దిగింది. చీర కుచ్చెళ్లు పైకి దోపుకుని, చింతపండు పిడికెడు తీసుకుని, ఇంట్లో బిందె తోమినట్టే గోడ తోమడం మొదలుపెట్టింది. నాలుగు రుద్దులకి నలుపు విడిచి కింద తెల్ల సిమెంటు కనపడింది. అది చూసి మిగతా వాళ్లంతా దిగారు. మోకాళ్లు వంగవని ఏడాదిగా మొరపెట్టుకున్న వాళ్లు గొంతుక్కూర్చుని తోమారు. ఎవరి గోడ ఎక్కువ తెల్లబడిందని పోటీలు పడ్డారు. అలసినప్పుడు మెట్ల మీద కూర్చుని, ఎవరి కోడలు బిందె ఎంత బాగా తోముతుందో చెప్పుకుని నవ్వుకున్నారు. కొంగు నిండా కప్పుకుని గట్టు మీద కూర్చున్న మైమూన్ బీ కూడా మధ్యాహ్నానికి దిగింది. వంగి తోముతూ ఉంటే కొంగు జారింది. అందరూ ఆ పచ్చ జుట్టు చూశారు. ఆదెమ్మ తన చేతిలోని చింతపండు ఉండను ఆమె తల మీద పెట్టి, ఇది కూడా తోముతామా అని అడిగింది. ముందు నవ్వింది మైమూన్ బీనే.

మూడుసార్లు నీళ్లు కొట్టి, పులుపంతా పోయేదాకా కడిగారు. ఆ తరవాత మునెప్ప మోటారు వేశాడు. కరెంటు వచ్చిన నాలుగైదు గంటలే మోటారు తిరిగేది. తొట్టి నిండడానికి ఐదు రోజులు పట్టింది.

గంగులప్ప స్వయంగా వచ్చి నేర్పించాడు. పావుకేజీ బ్లీచింగ్ పౌడరును ప్లాస్టిక్ బక్కెట్లో నీళ్లతో కలిపి, కట్టెతో తిప్పి, సున్నం అడుక్కి దిగేదాకా ఆగి, పైన తేరిన నీళ్లు మాత్రమే తొట్టిలో పొయ్యాలి. ఎండకి దాని బలం పోతుంది కాబట్టి పొద్దు గూకినాక పొయ్యాలి. శాంతకుమారి నర్సుల పద్ధతిలో ముక్కుకి గుడ్డ కట్టుకుని కలిపింది. పొయ్యడానికి నడవాల్సి వచ్చినప్పుడు ఒక్క క్షణం ఆగింది. చిన్నప్ప మూల నుంచే మొదలుపెట్టింది. చుట్టూ తిరిగి వచ్చేసరికి బక్కెట్టు తేలికైపోయింది, ఆమె గుండె కూడా కొంత తేలికైంది. మిగిలిన మైలుతుత్తం గడ్డలు మునెప్పను పిలిచి ఇచ్చేసింది.

పొద్దున గంగులప్ప చిన్న గాజుగొట్టంలో తొట్టి నీళ్లు తీసుకుని సీసాలోని మందు నాలుగు చుక్కలు వేశాడు. నీళ్లలో క్లోరిన్ మిగిలి ఉంటే లేత పసుపు రంగుకి రావాలి. ఏ రంగూ రాలేదు. కొత్త నీళ్లలోని మురికి బ్లీచింగ్‌నంతా తినేసిందని, ఇంకోసారి వెయ్యాలని చెప్పాడు. రెండో రోజు పొద్దున గొట్టంలో నీళ్లు నిమ్మతొక్క రంగులోకి తిరిగాయి. గంగులప్ప దాన్ని ఎండకు పట్టి చూపించాడు.

శాంతకుమారి వెంటనే ఎవరినీ దిగనివ్వలేదు. తాను దిగి గంటసేపు ఉంది. కళ్లు నీళ్లలో ముంచి తెరిచింది. కొంచెం ఆసుపత్రి వాసన వస్తోంది, అంతే. ఆ వాసన ఆమెకు నచ్చింది కూడా.

ఇక మైమూన్ బీ జుట్టు సంగతి. రజియా రోజూ నిమ్మరసం, పెరుగు కలిపి నాయనమ్మ తలకి పట్టించి కడిగింది. వారానికి పచ్చదనం చాలావరకు విడిచింది. మిగిలిన కాస్తా గోరింటాకు కింద కనపడకుండా పోయింది. కుప్పం నిఖాలో మైమూన్ బీ ఎర్రటి తలతో ముందు వరసలో కూర్చుంది. శాంతకుమారి కూడా పెండ్లికి వచ్చింది. అలావుద్దీన్ ఆమెను రజియా అత్తగారికి పరిచయం చేస్తూ, మా అమ్మను మళ్లీ నడిపించిన నర్సమ్మ అని చెప్పాడు.

రజియా అత్తగారు భారీ మనిషి. కుర్చీలోంచి లేవాలంటే ఇద్దరు పట్టుకోవాలి. ఆమె శాంతకుమారి చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. నీళ్లు లోతెంత, ఆడవాళ్లే ఉంటారా, మెట్లుంటాయా అని ఒక్కొక్కటే అడిగింది. విందు సంగతి కూడా మరిచిపోయి, భోజనాలు చల్లారిపోతున్నాయని ఎవరో వచ్చి పిలిచేదాకా ఇద్దరూ మాట్లాడుకుంటూనే ఉన్నారు.

జూన్ నెల మొదటి శనివారం ఆమె కుప్పం నుంచి కోడలిని వెంటబెట్టుకుని వచ్చింది. మెట్లు దిగడానికి పావుగంట పట్టింది. నీళ్లు నడుము దాకా వచ్చేసరికి ఆమె రజియా చెయ్యి వదిలేసింది. రెండడుగులు వేసింది. మూడోది వేసి నిలబడి, గోడ పట్టుకుని ఉన్న కోడలి నాయనమ్మ వైపు చూసింది.

"మైమూన్ బీ, యాల ఇన్ని దినాలు సెప్పలా నాకు?" అంది.

శాంతకుమారి గట్టు మీద కూర్చుని, ఆమెను ఇంకో నాలుగడుగులు వెయ్యమంది.