కిషోర్ బాబు పూర్తి చేసిన పని

మగ్గిన పళ్ల వాసన. దాని మీద సన్‌స్క్రీన్ వాసన.

రెండూ కలిసి చెరువు గట్టు మీద నిలబడ్డ పుష్పవతి చేత ముక్కుకి కొంగు అడ్డం పెట్టించాయి.

ఇంకా బాగా తెల్లవారలేదు. గట్టు నిండా మగాళ్లు. ఒంటికి అతుక్కుపోయిన నల్ల గుడ్డల్లో, నెత్తిన పచ్చ రబ్బరు టోపీలతో, చేతులు గాల్లో గిరగిరా తిప్పుకుంటూ. బుద్ధున్నవాళ్లు ఈ వేళకి తోటల్లో కాయ దింపించుకుంటున్నారు. ఏప్రిల్ నెలలో నూజివీడు చుట్టుపక్కల మనిషన్నవాడు చెయ్యాల్సిన పని అదొక్కటే.

వీళ్లు మాత్రం ఈదుతారట.

ఈది, సైకిల్ తొక్కుతారట. తొక్కి, పరిగెడతారట. ఎవరూ తరమకుండానే.

వాళ్ల మధ్యలో, పొట్ట లోపలికి పీల్చుకుని — ఆమె మొగుడు.

కిషోర్ బాబు. నలభై ఏడేళ్లు. తాతలిచ్చిన మామిడి తోట, తండ్రి ఇచ్చిన బట్టతల. సొంతంగా సంపాదించుకున్నది మాత్రం ఈ పచ్చ టోపీ.

ఆయన్ని కట్టుకుని ఇరవై ఏళ్లు దాటింది. ఇన్నేళ్లలో ఆయన మొదలుపెట్టని పని లేదు, పూర్తి చేసిన పని లేదు. హనుమాన్ జంక్షన్లో ఎరువుల కొట్టు పెట్టాడు... బోర్డు మీద రంగు ఆరకముందే షట్టర్ దించాడు. తోటకి డ్రిప్పు వేయిస్తానన్నాడు... సగం తోటకి పైపులు, మిగతా సగానికి మాటలు. ఇంట్లో కూర్చుని లా చదువుతానని పుస్తకాలు తెప్పించాడు. అవి ఇప్పుడు ఊగే బీరువా కాలి కింద ఉన్నాయి, కనీసం ఆ పనికైనా వచ్చాయి.

ఆయనదంతా పూతే. చూడ్డానికి కొమ్మకొమ్మకీ బంగారం. ఒక్కరోజు మబ్బు పడితే, నేలంతా రాలిన పూత. పిందె నిలిచిన ఏడాది పుష్పవతి చూడలేదు.

కిందటి వేసవిలో బెజవాడ నుంచి ఒక క్లబ్బు వాళ్లొచ్చి ఈ పోటీ సంగతి చెప్పారు. చెరువులో రెండు కిలోమీటర్లకు కాస్త తక్కువ ఈత. జంక్షన్ రోడ్డు, మైలవరం రోడ్డు కలిపి తొంభై కిలోమీటర్ల సైకిలు. చివర్లో తోటల మధ్య దారిలో చుట్లు తిరుగుతూ ఇరవై ఒక్క కిలోమీటర్ల పరుగు. అన్నీ ఒక్కరోజే, ఒకదాని వెనక ఒకటి, మధ్యాహ్నం మూడింటిలోపు అయిపోవాలి. ఇది సగం పోటీయేనట. పూర్తిది వేరే ఉందట.

సగం అన్న మాట వినగానే పుష్పవతి పగలబడి నవ్వింది. మీ కోసమే పెట్టినట్టున్నారండీ, అంది.

ఆయన నవ్వలేదు. వెళ్లి పేరిచ్చి వచ్చాడు.

ఆ తర్వాత ఇంట్లో నడిచిన భాగోతం ఎవరికి చెప్పుకోవాలి? పొద్దున్నే తోట బావిలో ఈత. ఎండెక్కాక సైకిలు. పూత మీద తేనెమంచు పురుగు పడి నాకేస్తుంటే, మందు కొట్టించాల్సిన మనిషి జి. కొండూరు దాకా తొక్కుకుంటూ పోయి, రొప్పుకుంటూ తిరిగొచ్చి, ఇవాళ బాగా తొక్కాను పుష్పా అనేవాడు. మందు ఆమే కొట్టించింది. కూలీలని ఆమే పిలిచింది. కాపు సంగతి షావుకారుతో ఆమే తేల్చుకుంది.

ఊరు నవ్వింది. ఊరికంటే ముందు ఆమె నవ్వింది. అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పింది — చెరువులోంచే పైకి రాడని. వచ్చినా సైకిలు మీంచి పడతాడని. పడకపోయినా పరుగు మాత్రం ఈ జన్మలో పూర్తి చెయ్యడని. ఇరవై ఏళ్లుగా చెప్తున్న మాటే. ఇంతవరకూ ఒక్కసారీ తప్పు కాలేదు.

నిన్న అన్నం తింటూ ఆయన రూల్సు కూడా వినిపించాడు. క్లబ్బు వాళ్లు పెట్టిన బల్లల దగ్గర తప్ప, దారిలో ఇంకెవరి చేతి నుంచీ మంచినీళ్లయినా పుచ్చుకోకూడదట. పుచ్చుకుంటే పేరు కొట్టేస్తారట.

పుష్పవతికి ఒళ్లు మండింది. వేసవిలో గుమ్మం ముందు నుంచి పోయే మనిషిని ఉత్తచేతులతో పంపే ఇల్లు ఈ చుట్టుపక్కల ఎక్కడైనా ఉందా? ఉత్తరం తెచ్చినవాడికి పండు. కరెంటు మీటరు చూసేవాడికి పండు. గట్టు తగాదాకి వచ్చినవాడికైనా ముందు పండు, ఆ తర్వాతే తిట్లు. ఇలాంటి చోటికొచ్చి, ఎండన పడి పోతున్నవాణ్ణి చేతులు కట్టుకుని చూడమంటారా! ఆ రూలు రాసినవాడి పెరట్లో ఒక్క చెట్టు కూడా ఉండి ఉండదు.

ఈల వేశారు. పచ్చ టోపీలన్నీ ఒక్కసారిగా నీళ్లలోకి దబదబా పడ్డాయి. కొంగలు లేచిపోయాయి.

వాటికున్న జ్ఞానం వీళ్లకి లేదు, అనుకుంది.

ఒక్కొక్కరే పైకొస్తున్నారు. ఆయన రాలేదు. ఇంకా రాలేదు. నీళ్లు ఖాళీ అయిపోతున్నాయి... ఏదో నల్లటిది బురదలోంచి లేచి నిలబడింది.

చివర్లో వచ్చాడు. కానీ వచ్చాడు.

సరేలే, అనుకుంది. సైకిలు దగ్గర చూద్దాం.

తోటకి వెళ్లిపోయింది. పరుగు దారి వాళ్ల తోట పక్కనుంచే పోతుంది. ఒక చోట నిలబడి కాయ దింపుడూ చూసుకోవచ్చు, మొగుడి తమాషా కూడా చూడొచ్చు. కూలీలు గెడలకి కట్టిన వల చిక్కాలతో కాయ కోస్తున్నారు. దారిన పోయే మోటారు సైకిళ్లవాళ్లు కబురు చెప్పి పోతున్నారు. జంక్షన్ దాటాడట. లారీల మధ్యనుంచి, ఎదురుగాలిలో, తల వంచుకుని.

మైలవరం రోడ్డులో పడతాడు చూడు, అంది పుష్పవతి.

మైలవరం దాకా వెళ్లి తిరుగుముఖం పట్టాడట.

కూలీలు నవ్వడం మానేశారు. ఆమెకి అది నచ్చలేదు.

ఎండ నిప్పులు చెరుగుతోంది. ఆకు కదలడం లేదు. ఆ ఎండలో పరుగు మొదలైంది. బెజవాడ కుర్రాళ్లు నల్లకళ్లద్దాలు పెట్టుకుని ముందుగా పోయారు. కొందరు కాళ్లు పట్టేసి గట్టు మీద కూలబడ్డారు. కొందరు ఆటో ఎక్కి వెళ్లిపోయారు. ఏడాది పాటు తొక్కిన తొక్కుడంతా ఆటో ఎక్కడానికా, అని పుష్పవతి పెదవి విరిచింది.

కిషోర్ బాబు వచ్చాడు. పోయాడు. చుట్టు తిరిగి మళ్లీ వచ్చాడు. మళ్లీ పోయాడు. వచ్చినప్పుడల్లా మనిషి కొంచెం తగ్గుతున్నాడు.

పరుగు కాదు అది. నడక కూడా కాదు. ఒక కాలు వేసి, రెండో కాలుని బతిమాలుకోవడం.

అయినా ఆగలేదు.

ఆఖరి చుట్టు. తోట మూల దాటితే ఇంకాస్త దూరం. మూడవడానికి ఇంకా టైముంది. పుష్పవతి మనసులో లెక్క వేసుకుంది. మళ్లీ వేసుకుంది.

పూర్తి చేస్తాడు.

ఈ మనిషి... పూర్తి చేస్తాడు.

ఆమెకి భయమేసింది. నిజంగానే భయమేసింది. ఇరవై ఏళ్లుగా అన్న మాటలన్నీ ఎక్కడ పెట్టుకోవాలి? ఇన్నేళ్లు చులకన చేసిన మనిషి ముందు రేపు పొద్దున్న ఏ మొహంతో కాఫీ పెట్టాలి?

దూరంగా ఆయన కనిపించాడు. ఒళ్లంతా తెల్లగా ఉప్పు కట్టింది. పెదాలు ఎండి పగిలాయి. కళ్లు లోపలికి పోయాయి. కొంచెం వెనగ్గా మోటారు సైకిలు మీద, ఎర్ర టోపీ పెట్టుకుని, పోటీ న్యాయనిర్ణేత ప్రేమ్‌చంద్ వస్తున్నాడు.

పుష్పవతి ఎర్ర టోపీని చూసింది. బాగానే చూసింది.

తట్టలోంచి మగ్గిన చిన్నరసం పండు ఒకటి తీసింది. అరచేతుల మధ్య పెట్టి మెత్తగా పిసికింది. ముచ్చిక దగ్గర పంటితో కొరికింది. పెదాలు పొక్కకుండా మొదటి చుక్కల సొనని నేలమీదికి పిండేసింది. దారికి అడ్డంగా వెళ్లి చెయ్యి చాచింది.

జాలి వేసి చాచిందా? ఆయన్ని ఆపడానికి చాచిందా?

ఆయన ఆగాడు. పండు వంక చూశాడు. తర్వాత ఆమె వంక చూశాడు. చాలాసేపు. మరిచిపోయిన మనిషి చూపు కాదు అది. ఆయనకి రూలు గుర్తుంది. ఆమెకీ గుర్తుందని ఆయనకి తెలుసు.

పుచ్చుకున్నాడు.

నిలబడి, కళ్లు మూసుకుని, మోచేతుల దాకా కారుతుంటే, జుర్రుకుని తిన్నాడు. టెంక ఆమె చేతిలోనే పెట్టాడు. పరిగెత్తాడు.

ఆమె స్కూటీ వేసుకుని అడ్డదారిన వెళ్లేసరికి ఆయన పోటీ ముగిసే చోట కట్టిన కమాను కింద నుంచి దాటుతున్నాడు. టైములోపే. జనం చప్పట్లు కొట్టారు. ఒకమ్మాయి పతకం పట్టుకుని ముందుకొచ్చింది.

ప్రేమ్‌చంద్ ఆ అమ్మాయిని ఆగమన్నాడు. కిషోర్ బాబు దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు.

"సార్, తోట దగ్గర మీకెవరో పండిచ్చినట్టు కనిపించింది. నేను కాస్త దూరంలో ఉన్నాను. మీరు తీసుకోలేదంటే నేను చూడనట్టే."

తలుపు బార్లా తీసి పెట్టాడు పాపం. ఒక్క మాట. రెండక్షరాల అబద్ధం.

"తీసుకున్నానండి," అన్నాడు కిషోర్ బాబు. "మా ఆవిడిచ్చింది."

పేరు కొట్టేశారు. పతకం మళ్లీ డబ్బాలోకి పోయింది.

దద్దమ్మ! అబద్ధం ఆడటానికి కూడా చేతకాని దద్దమ్మ! పుష్పవతికి తల కొట్టుకోవాలనిపించింది. కొట్టుకోకుండా ప్రేమ్‌చంద్ మీద పడింది. మా చెరువులో ఈదారు, మా చెట్ల నీడన పరిగెత్తారు, మా పండు ముట్టుకుంటే మైలా అని నిలదీసింది. ఆయన పరిగెత్తింది కాళ్లతోనా, నా పండుతోనా అని అడిగింది. ప్రేమ్‌చంద్ ప్రతి మాటకీ రూలండీ, రూలండీ అన్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్న చిలక, అనుకుంది.

అరిచినంతసేపూ లోపల ఒక ముల్లు కదులుతూనే ఉంది. ఆ పేరు కొట్టించింది ప్రేమ్‌చంద్ కాదు.

స్కూటీ ఆమే నడిపింది. వెనక ఆయన, కాలు మడత పడక, అటొకటి ఇటొకటి చాపుకుని. దారికి రెండువైపులా తోటలు. కాయ దింపేసిన కొమ్మలు తేలికై పైకి లేస్తున్నాయి.



"రూలు మీకు తెలుసు," అంది ఆమె, తల తిప్పకుండా. "నాకు తెలుసని కూడా తెలుసు. ఎందుకు పుచ్చుకున్నారు?"

ఆయన ఆలోచించాడు. తొందరేమీ లేనట్టు.

"సొన పిండి ఇచ్చావు కదా పుష్పా."

పుష్పవతి స్కూటీ వేగం తగ్గించింది. ఎందుకిచ్చిందో ఇప్పటికీ ఆమెకి తెలియదు. మనసు ఒకటి తలిచిందో, చేతులు ఇంకొకటి చేశాయో... అడిగితే ఏం చెప్పాలి? ఆయన అడగలేదు. అడగడని తెలిసి ఇంకా కోపం వచ్చింది. ఆ కోపం ఆయన మీదో కాదో తేల్చుకోలేకపోయింది.

రోడ్డు మసకమసగ్గా కనిపించింది. దుమ్ము, అనుకుని కళ్లు తుడుచుకుంది.

"ఇంటికెళ్లాక కాళ్లకి నూనె రాస్తాను," అంది కసురుతున్నట్టు. "అది కూడా పోయి వాళ్లకి చెప్పకండి."