ఎడమ దవడ

సిలార్ పురుగు తలను కోసి, పొటాషు నీళ్లున్న గాజు గొట్టంలో వేసి, స్పిరిట్ దీపం మీద వెచ్చబెట్టాడు. లోపలి కండ కరిగిపోయి పెంకు మాత్రం మిగలాలి. అప్పుడు సూదులతో పై పెదవి, కింది పెదవి, రెండు దవడలు, వాటి కింద ఉండే మరో సన్నని జత విడదీసి గాజు పలక మీద బాల్సం జిగురులో పరచాలి. ఇరవై తొమ్మిదేళ్లుగా, గుంటూరు దగ్గరి ఆ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో అటెండరుగా ఆయన చేస్తున్న పని అదే. ఆయన చేసిన స్లయిడు మీద వేలిముద్ర ఒక్కటి కూడా కనపడదని అక్కడ చెప్పుకునేవారు. అంతకుమించి ఆయన గురించి చెప్పుకోవడానికి ఎవరికీ ఏమీ ఉండేది కాదు.

ఆ పురుగును నిన్న ప్రత్తిపాడు రైతు బాపయ్య డబ్బాలో మట్టితో సహా తెచ్చాడు. మిరపమొక్క నిలబడే వాడిపోతోంది, పీకితే వేరు లేదు. రెండెకరాలు పోయాయి, ఇంకో రెండెకరాలు మిగిలాయి. అది ఏ పెంకుపురుగు పిల్లో తేలనిదే మందు రాసేది లేదని ఆఫీసరు జయకుమారి పట్టుబట్టింది.

పోయిన వారం కొత్త మైక్రోస్కోపు వచ్చింది. పాతది ఎడమను కుడిగా, కిందిది పైకి చూపేది. అందులో సూది కుడికి జరగాలంటే చెయ్యి ఎడమకు జరపాలి. ఆ తిరకాసు సిలార్ చేతికి ఎంతగా అలవాటయిందంటే, ఇప్పుడదే సవ్యం. కొత్తది అన్నీ ఉన్నదున్నట్టు చూపింది. చెయ్యి మాత్రం పాతమాటే విన్నది. సూది అటు పోవాల్సింది ఇటు పోయి దవడ రెండు ముక్కలయింది.

"అమ్మగారూ, విరిగిందండీ," అన్నాడు.

"ఏది సిలార్ గారూ?"

"ఎడం దవడండీ."

"కుడిది ఉందిగా. దాంతో సరిపెట్టుకుందాం లెండి."

"రెండూ ఒకటి కాదండీ. ఎడందాని పళ్లు వేరు. ఏ పురుగో చెప్పేది అదేనండీ."

ఆయన చెప్పింది నిజం. సిలార్‌కు సిగ్గేసింది. భార్య జానీబీ కట్టిచ్చిన అన్నం క్యారియరు విప్పకుండానే పన్నెండు గంటల ప్రత్తిపాడు బస్సెక్కాడు.

వానలు వెనకబడ్డాక కాసే ఎండ అది. నల్లరేగడి పైన బిగిసిపోయి ఉంది. వాడిన మొక్కల మొదళ్లలో గునపంతో తవ్వుతుంటే ఊపిరి అందలేదు. ఎడం చెయ్యి లాగుతోంది. గునపం పట్టి చాలా ఏళ్లయింది గదా, అందుకేననుకున్నాడు.

"ఎందుకయ్యా ఈ ఎండలో? కబురు పెడితే నేనే తెచ్చిచ్చేవాణ్ణిగా!" అన్నాడు బాపయ్య.

"విరగ్గొట్టింది నేను గదా," అన్నాడు సిలార్.

అయిదో మొక్క కింద దొరికింది. తెల్లగా, కొంకి తిరిగి, గోధుమరంగు తలతో.

మూడు గంటలకు మళ్లీ దీపం వెలిగింది. తల ఉడికాక సిలార్ మూలనున్న పాత మైక్రోస్కోపు మీది గుడ్డ తీశాడు. లోపల అన్నీ తలకిందులుగా, ఎప్పటిలాగే ఉన్నాయి. ఆయనకు ప్రాణం లేచొచ్చింది. ఎడం దవడ చెక్కుచెదరకుండా ఊడి వచ్చింది. బాల్సం చుక్క వేసి, పైన పలుచని గాజు మూసి, కాగితం ముక్క మీద 'ఎడమ' అని పెన్సిలుతో రాసి అంటించాడు.

"చూసుకోండమ్మా. కాసేపు వరండాలో కూచుంటా," అన్నాడు.

జయకుమారి దవడ పళ్లను పుస్తకంలోని బొమ్మతో పోల్చుకుంది. అనుమానం లేదు. బాపయ్యకు మందు చీటీ రాసి, దాన్ని పట్టుకునే వరండాలోకి వచ్చింది.

"సిలార్ గారూ, మీరన్నట్టే, ఎడందే చెప్పింది."

స్తంభానికి ఆనుకున్న సిలార్ పలకలేదు. ఆయన మామూలుగానే మాట్లాడడు గనక ఆమె ఇంకోసారి చెప్పింది. ఆ తర్వాత భుజం పట్టుకుంది.

క్యారియరు, కళ్లజోడు జానీబీకి పంపారు. బాపయ్య మిగిలిన రెండెకరాలూ నిలబడ్డాయి. బాల్సం ఆరడానికి ఇంకొన్నాళ్లు పట్టింది. ఆరాక జయకుమారి స్లయిడును వెలుతురుకు పట్టి చూసింది. 'ఎడమ' అన్న మాట పక్కనే, గాజు అంచున, బాల్సంలో గట్టిపడిపోయిన వేలిముద్ర ఒకటి ఉంది.