ఆడుకుంటూ పడింది

జుట్టు పట్టుకున్న పిడికిలిని విప్పాలంటే వేళ్లను లాగకూడదు. లాగితే వేళ్లతో పాటు జుట్టూ ఊడి వస్తుంది. ఆ చేతిని అలాగే తలకు అదిమిపెట్టి, చిటికెన వేలితో మొదలుపెట్టి ఒక్కొక్కటే తియ్యాలి. చిన్న టీచర్ మోకాళ్ల మీద కూర్చుని అదే పని చేస్తోంది. పొద్దున్న ఎనిమిదీ ఇరవై అయింది. సగం మంది పిల్లలు ఇంకా రానేలేదు, ప్లేస్కూల్లో అప్పుడే కొట్లాట మొదలైపోయింది. కింద పడ్డ పిల్ల ఇల్లెగిరిపోయేలా ఏడుస్తోంది. దాని మీదెక్కి కూర్చున్న పిడుగు మాత్రం ఏడవడం లేదు. పళ్లు బిగించి, ఆ తలను నేలకేసి కొట్టే ప్రయత్నంలో ఉంది.

"వదులు తల్లీ... ఆ బండి నీదేలే. ఎవరూ తీసుకోరు. వదిలెయ్యమ్మా."

చివరికి బొటనవేలు కూడా వచ్చింది. ఎత్తుకోబోతే పిడుగు మోకాలితో ఆమె కడుపులో ఒక్క పోటు పొడిచింది. చిన్న టీచర్ "అబ్బా" అని కూడా అనలేదు. ఇరవై నాలుగేళ్లుగా పిల్లలు ఆమెను కొరుకుతున్నారు, రక్కుతున్నారు, చెక్క దిమ్మలు పెట్టి మొహాన కొడుతున్నారు. ఒకసారి బస్సులో పక్క సీటావిడ ఆ ముంజేతులు చూసి, "పిల్లిని పెంచుకుంటున్నారా అండీ?" అని జాలిపడితే, "ఒకటి కాదు, పద్దెనిమిది" అని చెప్పి దిగిపోయింది.

ఆమెకు నలభై ఎనిమిదేళ్లు. అయినా చిన్న టీచరే. పెద్ద టీచర్లు పట్టాలు పుచ్చుకుని వచ్చేవారు, రెండేళ్లకో మూడేళ్లకో ఇంతకన్నా మంచి ఉద్యోగం చూసుకుని వెళ్లిపోయేవారు. ముక్కులు తుడవడం, తడిసిన బట్టలు మార్చడం, కొట్లాటలు విడదీయడం ఈమెకు మిగిలేవి. డిగ్రీ నలభై దాటాక, వంటింటి గట్టు మీద పుస్తకాలు పెట్టుకుని పూర్తిచేసింది. ఇప్పుడు పసిపిల్లల విద్యలో ఎం.ఏ. చెయ్యాలని పట్టుపట్టి కూర్చుంది. దరఖాస్తు పంపడానికి ఈ రోజు సాయంత్రం ఐదు ఆఖరు. పనిచేసే చోటి నుంచి సిఫారసు ఉత్తరం జతచెయ్యకపోతే దరఖాస్తు చెల్లదు. ఆ ఉత్తరం స్కూలు నడిపే మేడమ్ బల్ల మీద ఉంది, సంతకం ఒక్కటే తరువాయి.

రోజూ పొద్దున్నే పిల్లలను ఒక్కొక్కరినీ నిలబెట్టి ఒళ్లంతా చూడడం ఆ స్కూలు పద్ధతి. రిజిస్టరులో ప్రతి పేజీలోనూ ఒక పిల్ల ఆకారం గీతలతో అచ్చువేసి ఉంటుంది, ముందు వైపు ఒకటి, వెనక వైపు ఒకటి. కళ్లూ ముక్కూ ఉండవు. ఇంటి నుంచి తెచ్చుకున్న దెబ్బలను నీలం కలంతో, స్కూల్లో తగిలినవాటిని ఎర్ర కలంతో ఆ బొమ్మ మీద గుర్తుపెట్టి, పక్క గడిలో కారణం రాయాలి. పిల్లల మేలు కోరి పెట్టిన పద్ధతేమీ కాదది. రేపు ఏ తండ్రో వచ్చి "మావాడికి ఈ వాత ఎక్కడిది?" అని నిలదీస్తే చూపించుకోవడానికి.

పిడుగు పై పెదవి వాచి ఉంది. స్నానాల గదిలో ప్యాంటు మార్చబోయిన చిన్న టీచర్ చెయ్యి ఆగిపోయింది. రెండు తొడల వెనక ఎర్రగా ఉబ్బిన వాతలు, మొత్తం ఐదు. ఒకదాని చివర బెల్టు బకిల్ దిగి చర్మం చిట్లింది.

"ఎలా అయిందమ్మా?"

"పడ్డా."

"ఎక్కడ పడ్డావు?"

"నాన్న దగ్గర."

ఐదేళ్లు ఇంకా నిండని పిల్ల. ఆ మాట చెప్పేసి, సబ్బు నురుగు గోడకు పూసే పనిలో పడింది. చిన్న టీచర్‌కు ఒళ్లు మండిపోయింది. ఆ మంటలో సగం తన మీదే.

ఎందుకంటే ఆ నాన్న కూడా ఇక్కడివాడే. ఆమె ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది, ఇదే గదిలో, ఇవే అడుగెత్తు కుర్చీల్లో కూర్చున్న నాలుగేళ్ల పిల్లాడు. కొట్టినా తిట్టినా నోరు విప్పడని ఆయా వాడికి ముంగి అని పేరు పెట్టింది. వాడి వీపు మీద కరెంటు వైరు వాతలు తేలుతుండేవి. మొదటిసారి చూసినప్పుడు ఆమె పరుగున వెళ్లి అప్పటి మేడమ్‌కు చెప్పింది. ఇప్పటి మేడమ్‌కు అత్తగారు ఆవిడ. "ఇంటి గొడవలు మనకెందుకమ్మా. ఆడుకుంటూ పడ్డాడని రాసెయ్" అంది. రాసేసింది. అప్పుడు ఆమె సొంత కూతురు పక్క చాప మీదే నిద్రపోతోంది. ఆ ఉద్యోగం పోతే తల్లీకూతుళ్లకు వేరే దిక్కు లేదు. ఆ ఏడాదిలో అదే వాక్యం పదకొండుసార్లు రాసింది, ముత్యాల్లాంటి అక్షరాలతో.

ముంగి పెరిగి పెద్దవాడై, లారీల మెకానిక్ అయి, రెండేళ్ల కిందట కూతుర్ని భుజం మీద కూర్చోబెట్టుకుని వచ్చాడు. "గుర్తుపట్టారా టీచర్? మీ దగ్గరైతే నాకు దిగులుండదు" అన్నాడు. ఆమెకు కళ్లు చెమర్చాయి. సిగ్గుతోనా, సంతోషంతోనా అని ఆలోచించుకోలేదు. కిందటేడు పిడుగు తల్లి ఇల్లు వదిలి వెళ్లిపోయింది. చెంప కమలడాలూ పెదవి చిట్లడాలూ అప్పుడే మొదలయ్యాయి. ఈ నెలలోనే నాలుగుసార్లు, మేడమ్ చెప్పినట్టే, చిన్న టీచర్ నీలం కలంతో రాసింది: ఆడుకుంటూ పడింది.

మేడమ్ తలుపు దగ్గర నిలబడి రిజిస్టరు వైపు చూసింది.

"ఏమిటి, మళ్లీ పడిందా?"

"పడలేదు మేడమ్. బెల్టు."

"కొట్టడం మీరు చూశారా?"

"లేదు."

"చూడనిది ఎలా రాస్తారండీ? బెల్టు అని రాశామంటే ఇవాళే పిల్లల సంరక్షణ ఆఫీసుకు చెప్పాలి. వాళ్లొస్తారు, వెనకే పోలీసులొస్తారు. రేపటికి సగం స్కూలు ఖాళీ." ఆవిడ గొంతు తగ్గించింది. "భోంచేసి వచ్చి మీ ఉత్తరం మీద సంతకం పెడతాను. మంచి రోజు, పాడుచేసుకోకండి."

బెదిరించినట్టు లేదు, మరదలికి మంచి చెప్పినట్టుంది. అందుకే చిన్న టీచర్ నోటి నుంచి "సరే మేడమ్" అని వచ్చేసింది.

పదకొండు గంటల లోపల పిడుగు ఒక పిల్లాడి భుజం కొరికింది, రంగు నీళ్ల డబ్బా పెద్ద టీచర్ మీదికి విసిరింది. తర్వాత ఒక గుడ్డ బొమ్మను బల్ల మీద బోర్లా పడుకోబెట్టి చెక్క స్కేలుతో బాదడం మొదలుపెట్టింది. "నోరు ముయ్. ఏడిచావంటే చంపేస్తా. ఒకటి. రెండు. మూడు. నాలుగు. ఐదు." వరస తప్పకుండా లెక్కపెట్టిందని, ఈ ఊళ్లోకి కొత్తగా వచ్చిన పెద్ద టీచర్ మురిసిపోయింది. చిన్న టీచర్ స్కేలు లాక్కుని పైఅరలో పెట్టింది. పిడుగు చేత్తో కొట్టడం మొదలుపెట్టింది.

ఒంటిగంటకు పిల్లలు పడుకున్నారు. చల్లటి గదిలో స్వెటరు చేతులు మణికట్టు దాకా లాక్కుని, పిల్లల కుర్చీలో ఇరుక్కుని కూర్చుని, చిన్న టీచర్ దరఖాస్తు తీసింది.

ఈ రంగాన్ని ఎందుకు ఎంచుకున్నారు? దీనికి కూతురు ఇంట్లో జవాబు రాసిచ్చింది. 'బాల్యం ఒక పూలతోట. నేనందులో తోటమాలిని.' "ఏ తోటలోనే పూలు మాలిని కరిచేది?" అని ఆమె అడిగితే, "అమ్మా, వాళ్లకి ఇలాంటివే నచ్చుతాయే. నోరు మూసుకుని ఎక్కించెయ్" అంది కూతురు. ఆమె ఆ వాక్యం కొట్టేసింది. ఎంచుకున్నదెక్కడ? పొద్దున్నే తెరిచేది, చంటిదాన్ని వెంట తెచ్చుకోనిచ్చేది ఈ స్కూలొక్కటే, అందుకని చేరింది. పిల్లల మీద ప్రేమ తర్వాత పుట్టింది, అదీ అందరి మీదా కాదు. అదే రాసింది.

ఐదేళ్ల తర్వాత ఏ స్థానంలో ఉండాలనుకుంటున్నారు? దీనికి జవాబు ఆమె దగ్గర ఎప్పటి నుంచో ఉంది. నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు. ప్లేస్కూళ్లను తనిఖీ చేసే ఆఫీసరు కావాలి. దానికి ఎం.ఏ. ఉండాలి. ఇన్నేళ్లలో తొమ్మిదిమంది తనిఖీకి వచ్చారు. మరుగుదొడ్లు చూశారు, మంటలార్పే సిలిండరు చూశారు, రిజిస్టరు మొదటి పేజీ మీద ముద్ర కొట్టి వెళ్లారు. రెండో పేజీ తిప్పిన మహానుభావుడు ఒక్కడూ లేడు. తిప్పి ఉంటే, "ఒకే పిల్లాడు ఏడాదిలో పదకొండుసార్లు, అదీ వెల్లకిలా, ఎలా పడ్డాడమ్మా?" అని అడిగి ఉండేవాడు. అలా అడిగే మనిషి కావాలని ఆమె ఆశ. అది కూడా రాసింది.

మీ ఆలోచనను మార్చిన ఒక సంఘటన వివరించండి. 'నా మొదటి ఏడాది ఒక పిల్లాడి వీపు మీద వాతలు చూసి, పడ్డాడని రాశాను' అని మొదలుపెట్టింది. కలం అక్కడ ఆగింది. పక్కనే ఈనాటి రిజిస్టరు పేజీ తెరిచి ఉంది, కారణం గడి ఖాళీగా ఉంది. ఒక కాగితం మీద తప్పు ఒప్పుకుంటూ, ఇంకో కాగితం మీద అదే తప్పు ఏ మొహం పెట్టుకుని చెయ్యాలి?

నీలం కలం తీసి బొమ్మ తొడల మీద ఐదు గీతలు గీసింది. 'బెల్టు దెబ్బలు. తండ్రి.' మేడమ్ భోజనం నుంచి రాకముందే ఆఫీసు గదిలోకి వెళ్లి తనే సంరక్షణ ఆఫీసుకు ఫోన్ చేసింది. పిల్ల పేరూ వయసూ చెప్పింది. దెబ్బలు ఎన్నో, ఎవరు కొట్టారో చెప్పింది.

మేడమ్ వచ్చి విని, అరవలేదు. ఉత్తరాన్ని సొరుగులో పడేసి తాళం వేసింది. ఆ తర్వాత గ్యారేజీకి ఫోన్ చేసి పిడుగు తండ్రికి సంగతి చెప్పింది.

మూడున్నరకు సంరక్షణ ఆఫీసరమ్మ వచ్చి, దెబ్బలు ఫోటోలు తీసుకుని, పిల్ల అమ్మమ్మకు కబురు పంపింది. నాలుగు కాకముందే తండ్రి వచ్చాడు. తలుపు తెరవకపోతే అద్దాన్ని పిడికిలితో బద్దలుకొట్టి, గాజు పెంకుల్లోంచి చెయ్యి దూర్చి గడియ తీశాడు. పిల్లలు కెవ్వుమన్నారు. పెద్ద టీచర్ వాళ్లను వెనక గదిలోకి తోలుకుపోయింది. పిడుగొక్కటే బల్ల కిందికి దూరింది.

"ఎవరు రాసింది?"

"నేనేరా."

అతను నమ్మలేనట్టు చూశాడు. "మీరా? నా వీపు చూశారుగా మీరు! మందు కూడా పూశారు. అప్పుడేం రాశారు?"

"పడ్డావని రాశాను. తప్పు చేశాను."

"మరి ఇప్పుడూ అదే రాయండి! నాకో న్యాయం, నా కూతురికో న్యాయమా?"

ఆమె నోరు తెరిచేలోపే దెబ్బ పడింది. కణత అలమారు అంచుకు తగిలి కనుబొమ చీలింది, ఒక కన్ను నిండా నెత్తురు. అతను చిన్న కుర్చీలను ఒక్కొక్కటిగా ఎత్తి గోడకేసి కొట్టాడు. కాళ్లు విరిగి గదంతా ఎగిరాయి. అడ్డొచ్చిన ఆఫీసరమ్మను ఒక్క తోపు తోసి, చిన్న టీచర్ జుట్టు చేతికి చుట్టుకుని తలను అలమారుకు బాదాడు. ఒకసారి. ఇంకోసారి. "రాయండి! పడ్డానని రాయండి!" అతని గొంతు పూర్తిగా బొంగురుపోయింది.

అప్పుడు బల్ల కింది నుంచి పిడుగు దూసుకొచ్చింది. వచ్చి కొరికింది తండ్రిని కాదు, చిన్న టీచర్‌ను. స్వెటరు మీదుగా మణికట్టును పళ్ల మధ్య ఇరికించుకుని, కుక్కపిల్లలా తల విదిలిస్తూ, వదలలేదు. చిన్న టీచర్ చెయ్యి లాక్కోలేదు. పిల్ల ఒళ్లంతా వణుకుతోంది, ఆ వణుకు ఎముక దాకా తెలుస్తోంది. అతను కూతుర్ని చూశాడు. జుట్టు మీద పట్టు దానంతటదే సడలింది.

వాచ్‌మనూ ఆఫీసరమ్మ డ్రైవరూ వచ్చి అతన్ని పట్టుకునేసరికి పట్టుకోవాల్సిన పనే లేకపోయింది. విరగకుండా మిగిలిన ఒక అడుగెత్తు కుర్చీలో, మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చున్నాడు. తెగిన చేతి నుంచి నెత్తురు కారుతున్నా తుడుచుకోలేదు. పోలీసులు వచ్చి తీసుకెళ్లేదాకా అందులోంచి లేవలేదు.

అమ్మమ్మ ఆయాసపడుతూ వచ్చింది. కాగితం మీద సంతకం పెట్టి, "పద బంగారూ, మనింటికి పోదాం" అని మనవరాలిని చంకనెత్తుకుంది. పిడుగు రెండు తన్నులు తన్ని, ఆ భుజం మీద తల వాల్చేసింది. ఆవిడ ఉండేది వేరే ఊళ్లో; ఇక ఈ పిల్ల ఈ గదిలోకి రాదు. వాళ్లను ఎక్కించుకుని ఆఫీసరమ్మ కారు గేటు దాటింది. చెయ్యి ఊపడం ఎవరికీ గుర్తురాలేదు.

గడియారంలో ఐదూ ఇరవై.

"రేపటి నుంచి మీరు రానక్కర్లేదు" అంది మేడమ్.

"గాజు పెంకులు ఊడ్చి వెళ్తానండీ."

"ఆయా ఊడుస్తుందిలెండి. ముందు కట్టు కట్టించుకోండి."

ఎం.ఏ. సీటు పోయిందని చిన్న టీచర్‌కు ఏడుపొచ్చింది. మంచి పని చేశానన్న తృప్తి ఎక్కడా లేదు. ఇరవై నాలుగేళ్లు ఆలస్యంగా చేశానన్న బాధ మాత్రం ఉంది. రిజిస్టరు దగ్గరికి లాక్కుంది. స్కూల్లో తగిలిన ప్రతి దెబ్బా రాయాలి కదా. పెద్దవాళ్ల బొమ్మ ఆ పుస్తకంలో లేదు కాబట్టి, ఎర్ర కలంతో పిల్ల బొమ్మ మీదే కనుబొమ దగ్గర ఒక గీత, తల వెనక రెండు గీతలు పెట్టింది. మణికట్టు దెబ్బ ఎంత లోతో చూసుకోవడానికి స్వెటరు విప్పింది.

చేతి అంచున ఊలు పోగుల్లో ఏదో గట్టిగా వేలికి తగిలింది. ఊడే వయసు రాని పన్ను అది. రాత్రి పిడుగు పెదవి వాచిన దెబ్బకే కదిలిపోయి ఉంటుంది. బియ్యపు గింజంత పాలపన్ను, ఒక ఊలు పోగుకు చిక్కుకుని ఉంది, దాని మొదట్లో నెత్తురు ఇంకా తడి ఆరలేదు.