దొంగ కాని దర్జీ

...అయినా తప్పంతా బావమరిదిదే. ముప్పై ఎనిమిదేళ్లు బతికినవాడు ఒక్క దొంగతనమైనా చేయకుండా ఎలా ఉండగలిగాడు? దరఖాస్తులో నాలుగో గడి ఖాళీగా గుమాస్తా మొహంలోకి చూస్తోంది: 'చేసిన నేరం'.

మారిన దొంగలకు ఉచితంగా కుట్టు మిషన్లిచ్చే ఆఫీసు అది. ఈరోజే ఆఖరి తేదీ. ఎదురుగా బల్ల అంచున ఒదిగి కూర్చున్న బావమరిది దర్జీ. అతను అద్దెకు తెచ్చుకున్న మిషన్‌ను యజమాని రేపు పట్టుకుపోతాడు. ఇక మిగిలేది కత్తెర.

"ఏదో ఒకటి రాసెయ్ బావా. చిన్నప్పుడు పక్కింట్లో జామకాయలు కోశాగా."

"దొంగసొత్తు విలువ పదివేలు దాటాల్రా. జామకాయలక్కూడా ఇస్తే ఊరందరికీ ఇవ్వాలి."

"పోనీ, ఇన్నాళ్లూ దొంగతనం చెయ్యనందుకు ఇవ్వకూడదా?"

పొద్దున గుమాస్తా పైఅధికారిని ఇదే అడిగాడు. ఆయన ఓపిగ్గా వివరించాడు. దొంగ బయట తిరిగితే ప్రభుత్వానికి ఏడాదికి రెండు లక్షల నష్టం. మిషన్ పన్నెండు వేలు. మిగతాదంతా లాభం. "మీవాడికిస్తే మనకేం మిగులుతుందయ్యా? అతనివల్ల నష్టమే లేదాయె!" ఆ గొంతులో నిజంగానే జాలి ఉంది.

తనూ అంతేగా, అనుకున్నాడు గుమాస్తా. ఆఫీసు గుండుసూది కూడా ఇంటికి పట్టుకెళ్లి ఎరగడు. అది మంచితనమో పిరికితనమో ఎన్నడూ తరచి చూసుకోలేదు. పిరికితనమే అయితే, దానికి ఇన్నేళ్లు గౌరవం పుచ్చుకోవడం కూడా ఒక రకం దొంగతనమే. కానీ పదివేలు దాటదు.

మణికట్టు చూసుకున్నాడు. పాతికేళ్ల మచ్చలేని సేవకు ఆఫీసు బహూకరించిన వాచీ. ఖరీదు పదకొండు వేలు. అది పోయిందని తను ఫిర్యాదిచ్చి, వీడు ఒప్పుకుంటే సాయంత్రానికల్లా నేరస్థుడి పత్రం చేతికొస్తుంది. మొదటి నేరానికి జైలుండదు, మందలించి పంపేస్తారు. జైలుకు ఖర్చెక్కువని అదీ పైవాళ్లే తేల్చారు.

వాచీ తీసి దరఖాస్తు మీద పెట్టాడు. లేచి, చేతులు వెనక్కి కట్టుకుని, కిటికీవైపు తిరిగి నిలబడ్డాడు. కింద వీధిలో పోయే గొడుగులు లెక్కపెట్టాడు. పదిహేడో గొడుగు దగ్గర వినిపించింది.

"బావా..."

"నేనిక్కడ లేను."

"అది కాదు, వాచీ మర్చిపోయావు."

తిరిగి చూశాడు. బావమరిది వాచీ అద్దాన్ని చొక్కా కొసతో తుడిచి, రెండు చేతులతో అందిస్తున్నాడు.

"మిషన్ కావాలా, వద్దా?"

"కావాలి బావా."

"అయితే కదలకు."

గుమాస్తా ఆ వాచీని అతని చొక్కా జేబులో వేశాడు. అతను స్వయంగా కుట్టుకున్న జేబు. గుండీ కూడా పెట్టాడు. తలుపు తెరిచి వసారాలోకి చూశాడు. 'దొంగ' అనే మాట మొదట పెదవుల దగ్గరే ఆగిపోయింది. గొంతు సవరించుకుని, పాతికేళ్లలో మొదటిసారి ఆఫీసులో గట్టిగా అరిచాడు.